గొడవొస్తే గూడెం మార్చినోళ్ళం

మన గూడేల్లో ముసలోళ్ళను "మీ తాతది యా ఊరు?" అని అడిగి చూడండి. ఒక్క పేరు చెప్పి ఊరుకోరు. ఒక వాగు పేరు చెప్తారు, ఒక కొండ పేరు, ఒక పెద్ద చెట్టు పేరు, ఆ తర్వాత ఇప్పుడుండే గూడెం పేరు. ఒక్కోసారి అయిదారు చోట్లు వస్తాయి. ఎందుకు మారారంటే ఒక్కో చోటికి ఒక్కో కారణం. నీళ్ళు ఎండిపోయినై. జబ్బు చేసి పిల్లలు పోయినారు. ఫారెస్టోళ్ళు ఉండనియ్యలేదు. వీటి మధ్యలో ఒక కారణం మాత్రం మళ్ళీ మళ్ళీ వస్తా ఉంటది: "మాటా మాటా వచ్చింది, వచ్చేసినాం." అంతే. ఎవరితో వచ్చింది, తప్పెవరిది, ఎవరు నెగ్గారు అనేది ఏమీ చెప్పరు. అడిగినా నవ్వి ఊరుకుంటారు.

ఈ పోస్టు ఆ ఒక్క మాట గురించి. కొంచెం పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి. దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు, అర్ధవీడు, గిద్దలూరు వైపు గూడేల పిల్లలు, తండాల పిల్లలు ఇద్దరూ చదవాలని రాస్తున్నాం. ఎందుకో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తది.

ముందు బయటోళ్ళు మనల్ని ఎట్టా రాశారో చూద్దాం. 1846లో కెప్టెన్ న్యూబోల్డ్ అనే ఆంగ్లేయుడు తూర్పు కనుమల అడవి జాతి అని చెంచుల మీద ఒక వ్యాసం అచ్చువేశాడు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు, అందులోనూ మనమున్నాం. ఆ కాలపు రాతలన్నిటిలో వినపడేది దాదాపు ఒకటే పాట: చెంచులు మాట్లాడేది తెలుగే గానీ యాస మోటు, ఒకచోట నిలకడగా ఉండరు, వ్యవసాయం చెయ్యరు, పెద్దలంటే లెక్క లేదు. రాసినోళ్ళు అబద్ధం రాశారని మేము అనడం లేదు. కళ్ళతో చూసిందే రాశారు. చూసినదాని అర్థం మాత్రం వాళ్ళ ఇంటి నుంచి తెచ్చుకున్నారు. వాళ్ళ దేశంలో ఇల్లూ పొలమూ వదిలి తిరిగేవాడంటే దిక్కులేనోడు, లేకపోతే దొంగ. కాబట్టి మనోళ్ళు కూడా అట్టాగే కనపడ్డారు.

కొంచెం వేరుగా చూసిన మనిషి హైమండార్ఫ్. వియన్నా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందుకు బ్రిటిష్ వాళ్ళు శత్రుదేశస్థుడిగా చూస్తే, ఆయన నిజాం రాజ్యంలో ఉండిపోయాడు. 1940లో భార్య బెట్టీతో కలిసి కృష్ణ అవతల అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచు పెంటల్లో మకాం పెట్టాడు. 1943లో చెంచుల మీద పుస్తకం వచ్చింది. అటువైపు పెంట అంటారు, మనవైపు గూడెం అంటాం. నదికి అటు నిజాం, ఇటు మద్రాసు ప్రభుత్వం అయినా జనం ఒకటే, ఇంటిపేర్లూ ఒకటే. చిగుర్ల, ఉడతల, కుడుముల, మండ్ల, నిమ్మల ఇటూ ఉన్నారు, అటూ ఉన్నారు. ఆయన రాసిన వాటిల్లో మాకు నచ్చనివీ ఉన్నాయి. గతం నుంచి కదలని మనుషుల్ని చూసినట్టు రాస్తాడు కొన్నిచోట్ల. కానీ ఒక్క సంగతి బాగా పట్టుకున్నాడు.

అదేందంటే, చెంచుల్లో ఒకడి మీద ఇంకొకడికి అధికారం లేదు. పెద్దమనిషి ఉంటాడు. ఆయన మాట వింటే వింటారు, లేకపోతే లేదు. కొట్టించే బలం గానీ, వెలివేసే బలం గానీ ఆయనకు లేదు. మరి ఇద్దరికి పడకపోతే? ఎవరో ఒకరు పెళ్ళాం పిల్లల్ని, కుక్కల్ని, నాలుగు కుండల్ని తీసుకొని ఇంకో గూడేనికి పోతారు. ఎక్కడికి పోతారంటే దానికీ ఒక ఏర్పాటు ఉంది. తండ్రి పుట్టిన గూడెంలో ఉండొచ్చు, తల్లి గూడెంలో ఉండొచ్చు, పెళ్ళాం వైపు ఉండొచ్చు. ఎక్కడికి పోయినా మామో, బావో, చిన్నాయనో ఉంటాడు. ఎవరూ "ఎందుకొచ్చినావు" అని అడగరు. కోపం చల్లారినాక, రెండేళ్ళకో మూడేళ్ళకో వెనక్కి రావచ్చు. రాకపోయినా అడిగేవాడు లేడు. ఆడమనిషికీ ఇదే దారి. మొగుడితో పడకపోతే అన్నదమ్ముల గూడేనికి పోయేది, మళ్ళీ ఇంకొకరిని చేసుకున్నా పెద్ద తప్పు కాదు.

అంటే మన ముసలోళ్ళు "వచ్చేసినాం" అనేది ఓడిపోయామని కాదు. తీర్పు అయిపోయిందని. గెలిచినోడు ఎవరూ ఉండకూడదనే ఆ పద్ధతి. ఒకడు గెలిస్తే రెండోవాడు రేపు అడవిలో ఒంటరిగా కనపడతాడు, చేతిలో విల్లు ఉంటది. తేనె తీసేటప్పుడు కొండ అంచు నుంచి దిగేవాడి తాడు పైన ఇంకొకడు పట్టుకోవాల. పగ పెట్టుకున్నోడి చేతికి తాడు ఎవడిస్తాడు? తాడు పట్టే పని బామ్మర్దికి ఇచ్చే అలవాటు గురించి మన గూడేల్లో అందరికీ తెలుసు. చెల్లెలు విధవ కాకూడదని వాడు గట్టిగా పట్టుకుంటాడంట. నవ్వులాటకు చెప్పుకునే మాటే అయినా లోపల లెక్క ఉంది.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. ఆఫ్రికాలో టాంజానియాలోని హాడ్జా వాళ్ళు, కలహారి ఎడారిలోని కుంగ్ వాళ్ళు కూడా వేట, దుంపలు, తేనె మీద బతికినోళ్ళే. వాళ్ళలోనూ గొడవ ముదిరితే ఒక పక్షం విడిదిని వదిలి పోతుందని పరిశోధకులు రాశారు. అడవి మీద బతికే చిన్న గుంపులకు భూమి మీద పత్రాలు ఉండవు, కాబట్టి వదిలిపోతే నష్టమూ ఉండదు. ఎకరం చేను ఉన్న రైతు అట్టా పోగలడా? గట్టు తగాదా వస్తే వాడు గిద్దలూరు కోర్టుకన్నా పోతాడు గానీ ఊరు వదలడు.

ఇప్పుడు అసలు చరిత్రకొద్దాం. మన ప్రాంతం 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉంది. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను అక్కణ్ణుంచి తెచ్చి ఒంగోలు జిల్లాలో కలిపారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కాబట్టి బ్రిటిష్ రోజుల మన చరిత్ర కర్నూలు కాగితాల్లో వెతుక్కోవాల. ఆ కాగితాల్లో చెంచు అనే పేరు ఎక్కువగా కనపడేది రెండుచోట్ల: అడవి, శ్రీశైలం దారి.

శ్రీశైలం పోయే యాత్రికులు కొండదారిలో వస్తే దారి చూపించేదీ, కావలి కాసేదీ చెంచులు. అందుకు యాత్రికుల దగ్గర కొంత తీసుకునేవాళ్ళు. ఇది ఎవరో దయతో ఇచ్చే దానం కాదు. మన లెక్కలో మల్లన్న చెంచుపిల్లను చేసుకున్నోడు, మన అల్లుడు. చెంచు మల్లయ్య అని పిలిచేది అందుకే. అల్లుడింటికి పోయేవాళ్ళు మామగారి గడప దాటి పోతా ఉంటే ఏదో ఒకటి పెట్టిపోవడం మర్యాద. అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్న కథ కూడా ఇదే లెక్క. అక్కడ ఇప్పటికీ సంక్రాంతి తర్వాత పారువేట ఉత్సవమని స్వామి పల్లకి నలభై రోజులకు పైనే ఊళ్ళు తిరుగుతుంది, పెళ్ళికి పిలవడానికి వచ్చాడని చెప్పుకుంటారు. చెంచులు పల్లకి వైపు బాణాలు వేస్తారు. బయటోడు చూస్తే దేవుడి మీద బాణమేందని భయపడతాడు. బామ్మర్ది బావతో ఆడే సరసమని మనకు తెలుసు.

1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయింది. వేటకు, కట్టెకు, పశువుల మేతకు, పోడుకు అన్నిటికీ ఆంక్షలు. బతుకుతెరువు బిగుసుకుపోయినాక కర్నూలు వైపు చెంచులు కొందరు యాత్రికులను ఆపి దోచుకోవడం మొదలుపెట్టారని మాధవ్ గాడ్గిల్, రామచంద్ర గుహ తమ పర్యావరణ చరిత్రలో రాశారు. సర్కారుకు ఇది దారిదోపిడీ. దోపిడీ జరగలేదని మేము అనము, జరిగింది. భయపడ్డ యాత్రికుల బాధ కూడా నిజమే. అయితే నిన్నటిదాకా హక్కుగా అందుకున్న చెయ్యి అదే దారిలో, అదే జనం ముందు ఇయ్యాల దొంగచెయ్యి ఎట్టా అయిందో ఆ కాగితాల్లో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మామగారి వాటా సంగతి చెప్పేవాళ్ళు. చెప్పినా నవ్వి ఉండేవాళ్ళేమో.

తర్వాత సర్కారుకు ఒక ఆలోచన వచ్చింది. అడవంతా చెల్లాచెదరుగా ఉన్న చెంచులను పెద్ద పెద్ద గూడేలుగా ఒకచోట చేరిస్తే బడి పెట్టొచ్చు, నిఘా పెట్టొచ్చు, కూలికి పిలవొచ్చు. మద్రాసు వైపు, అంటే మనవైపు, ఇది అమలైంది. హైమండార్ఫ్ రెండువైపులా చూశాడు. అమ్రాబాద్ పెంటల్లో నాలుగైదు కుటుంబాల గుంపులు. కర్నూలు వైపు ఆత్మకూరు నుంచి శ్రీశైలం పోయే కాలిదారిలో పెచ్చెరువు లాంటి పెద్ద గూడేలు. జనం ఒకటే, అలవాట్లు ఒకటే. కానీ పెద్ద గూడేల్లో కొట్లాటలు ఎక్కువ, కత్తిపోట్లు, హత్యల దాకా పోయినయ్యని ఆయన గమనించాడు. 1967లో వేసిన ఇంకో పుస్తకంలోనూ ఈ సంగతి ఎత్తాడు. ఆయన చెప్పిన కారణం సులువుగానే ఉంది: పడనప్పుడు విడిపోవడమే వీళ్ళకు తెలిసిన న్యాయం, ఆ దారి మూసేశాక కోపం పోవడానికి చోటు లేదు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. "చెంచోళ్ళు తాగి కొట్టుకుంటారు" అనే మాట మనం హాస్టల్లో విన్నాం, బస్టాండులో విన్నాం. ఆ మాట అనేవాడికి అది జాతి గుణం. కానీ అదే జాతి చిన్న గుంపులుగా ఉన్నచోట ఆ గొడవలు అంతగా లేవంటే, గుణం ఎవరిదనాల? సారా పాత్ర ఉంది, దాన్ని దాచిపెట్టడం మాకు ఇష్టం లేదు. ఇప్పసారా కాలంలోనూ గొడవలుండేవి. అప్పుడు తెల్లారితే ఒకడు గూడెం దాటేవాడు. ఇప్పుడు తెల్లారితే ఎదురెదురు ఇళ్ళలోనే కళ్ళు తెరుస్తారు.

మాటతీరు దగ్గరికి వస్తే ఇంకో చిక్కు. మన ముసలోళ్ళు అందరినీ "నువ్వు" అనే అంటారు. రేంజర్ అయినా, కలెక్టర్ అయినా, మల్లన్న అయినా "నువ్వే". "ఏం నాయనా, నువ్వెప్పుడొచ్చినావు?" అంటే అందులో ఎంత ప్రేమ ఉందో మనకు తెలుస్తది. కొత్తగా వచ్చిన ఆఫీసరుకు ఆ "నువ్వు" చెంపదెబ్బలాగా తగులుతుంది. ఆయన మొహం మాడ్చుకుంటాడు. ముసలాయనకు ఎందుకో అర్థం కాదు. అక్కణ్ణుంచి ఏ మాట మాట్లాడినా ఎడ్డెమంటే తెడ్డెమే.

దీనికన్నా పెద్ద ప్రమాదం "ఊఁ" దగ్గర ఉంది. కథ చెప్పేటప్పుడు ఊఁ కొట్టకపోతే చెప్పేవాడు ఆపేస్తాడు. ఊఁ అంటే వింటున్నాను, చెప్పు అని. ఎదుటోడి మాటను మధ్యలో కోసెయ్యడం, మొహం మీద కాదనడం మన గూడేల్లో మర్యాద కాదు. ఇష్టం లేకపోతే ఊఁ కొట్టి, తర్వాత పక్కకు తప్పుకుంటాం. మరుసటి రోజు మీటింగుకు రాము. అదే మన "కాదు". మీటింగు పెట్టినాయనకు ఈ లెక్క తెలియదు. గంటసేపు చెప్పాడు, అందరూ ఊఁ ఊఁ అన్నారు, ఎవరూ ఎదురు చెప్పలేదు. గూడెం ఒప్పుకుందని రాసుకుంటాడు, వేలిముద్రలు తీసుకుంటాడు. రెండు నెలల తర్వాత గూడెం కదలకపోతే "అప్పుడు ఒప్పుకొని ఇప్పుడు మాట తప్పారు" అంటాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు. ఒక్క అక్షరానికి రెండు అర్థాలున్నాయి, అంతే. కానీ నష్టం మాత్రం ఒకవైపే పడతది.

తండా పిల్లలు ఇది చదివి నవ్వుకుంటూ ఉంటారు. మీ పద్ధతి పూర్తిగా వేరు. సుగాలి తండాలో గొడవొస్తే నసాబ్ కూర్చోవాల్సిందే. నాయక్, కార్భారి, నలుగురు పెద్దోళ్ళు వస్తారు, రెండు పక్షాలూ గొంతెత్తి వాదించాల, రాత్రంతా పట్టినా తేలేదాకా ఎవరూ పోకూడదు. తేలినాక తప్పు కడతారు, కలిసి కూర్చుంటారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకొని వందల మైళ్ళు తిరిగిన జనం కదా. బిడారు నడుమ ఒక కుటుంబం విడిపోతే దారిలో దానికి దిక్కులేదు, మిగతావాళ్ళకూ బలం తగ్గుతుంది. అందుకే ఏ గొడవైనా లోపలే తేల్చుకొని కలిసి నడవాల్సి వచ్చి ఉంటదని మా ఆలోచన. గట్టిగా మాట్లాడటం మీ దగ్గర నిజాయితీ. గట్టిగా మాట్లాడనివాడు ఏదో దాస్తున్నాడని మీ అనుమానం.

ఇప్పుడు ఈ ఇద్దరినీ ఒకే మీటింగులో కూర్చోబెట్టండి. భూమి సంగతో, బోరు సంగతో, లోన్ల సంగతో వస్తది. తండా నుంచి వచ్చినాయన నిలబడి గట్టిగా అడుగుతాడు. గూడెం నుంచి వచ్చినాయన కాసేపు కూర్చొని, తల వంచుకొని, బీడీ ముట్టించుకోను బయటికి పోతాడు. మళ్ళీ రాడు. తండా ఆయన అనుకుంటాడు: వీళ్ళకు అవసరం లేదు కాబోలు. గూడెం ఆయన అనుకుంటాడు: వీళ్ళు అరిచి అన్నీ లాక్కుంటున్నారు. మన ఎస్టీల మధ్య పడమటి మండలాల్లో పెరిగిన అనుమానాల్లో సగం ఇక్కడే పుట్టాయని మేము నమ్ముతున్నాం. మిగతా సగం నిజంగానే భూమి తక్కువై, కొలువులు తక్కువై వచ్చినవి. వాటిని మాటతీరు మీదికి నెట్టెయ్యడం సరికాదు.

ఎరుకల తమ్ముళ్ళ సంగతి ఒక్క ముక్క. వాళ్ళింట్లో మాట్లాడుకునే భాషను పోలీసు రాతల్లో దొంగల సంకేత భాష అని రాశారు. 1911లో నేరస్థ తెగల చట్టం మద్రాసుకు వచ్చినాక అమ్మా బిడ్డా మాట్లాడుకున్నా నిఘాయే. స్టూవర్టుపురం, కావలి సెటిల్‌మెంట్లు ఆ చట్టం కిందివే. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. సంత బజారులో నలుగురి మధ్య తమ భాషలో మాట్లాడితే చుట్టుపక్కలోళ్ళు జేబులు తడుముకోవడం మాత్రం పోలేదు.

2004 అక్టోబర్ మీలో చాలామంది పుట్టకముందో, పసిపిల్లలుగా ఉన్నప్పుడో. ఆ నెలలో రాష్ట్రం మొత్తం దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాట్ రోడ్డు వైపు చూసింది. అప్పటి ప్రభుత్వంతో శాంతి చర్చలకు మావోయిస్టు నాయకుడు రామకృష్ణ, ఆయన వెంట ఉన్నవాళ్ళు ప్రకాశం జిల్లా అడవిలోని చిన్నారుట్ల దగ్గరే బయటికి వచ్చారు. అక్కణ్ణుంచి గుత్తికొండ బిలం, ఆ తర్వాత హైదరాబాదు. అక్టోబర్ 15 నుంచి 18 దాకా చర్చలు. పౌర స్పందన వేదిక నడిపిన ఎస్.ఆర్. శంకరన్ గారు మధ్యవర్తుల్లో ముఖ్యుడు. గిరిజనుల కోసం జీవితాంతం పనిచేసిన ఐఏఎస్ ఆయన, ఆయన మీద మాకు గౌరవం ఉంది. చర్చల్లో భూమి సంగతి వచ్చింది. 2005 జనవరికి అంతా తెగిపోయింది, తుపాకులు మళ్ళీ మొదలయ్యాయి.

ఆ బల్లకు అటూ ఇటూ కూర్చున్నవాళ్ళలో చెంచు మనిషి లేడు. నడిచింది మన గూడెం దారి, జరిగింది మన అడవిలోని యుద్ధం. రెండువైపులా మనోళ్ళను అడిగింది ఒకటే ప్రశ్న: "వాళ్ళు వచ్చారా? అన్నం పెట్టారా?" పగలొకరు, రాత్రొకరు. గూడెం వచ్చినోడికి అన్నం పెట్టడం మన అలవాటు, పేరు అడక్కపోవడం కూడా అలవాటే. ఆ రెండు అలవాట్లూ నేరమైపోయాయి. అప్పుడు కూడా కొన్ని కుటుంబాలు ఏమి చేశాయో మీకు తెలుసు. గూడెం మారాయి. అడవి లోపలి నుంచి రోడ్డు పక్కకు.

ఇయ్యాల ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, అటవీ హక్కుల చట్టం మన ముందు ఉంది కాబట్టి. మన గూడేలు అయిదో షెడ్యూలు ప్రాంతంలో లేవు. అమ్రాబాద్ వైపు పెంటలున్నాయి, మనవి లేవు. అందుకే పెసా మనకు పనిచెయ్యదు, 1/70 చట్టం కూడా పనిచెయ్యదు. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం దేశంలో ఏ అడవికైనా వర్తిస్తుంది. మనకున్న పెద్ద ఆధారం అదొక్కటే.

అయితే అందులో వ్యక్తిగత పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి మన స్వాధీనంలో ఉండాల. ఇది రైతు బుర్రతో పెట్టిన నిబంధన. గొడవొచ్చి 2003లో మామ గూడేనికి పోయి, 2007లో తిరిగొచ్చిన కుటుంబం ఏం చూపిస్తుంది? "ఆ రోజు మీరిక్కడ లేరు" అంటే అయిపోయింది. మనం గొడవను తీర్చుకున్న పద్ధతే మన హక్కును కొట్టేసింది.

కానీ అదే చట్టంలో సెక్షన్ 3(1)(ఇ) అని ఒకటుంది. మనలాంటి ప్రత్యేక బలహీన తెగలకు ఆవాసపు హక్కు. ఒక ఇల్లు, ఒక చేను లెక్క కాదు. తెగ మొత్తం తిరిగిన, బతికిన, పూజ చేసిన ప్రాంతం మీద సమష్టి హక్కు. మధ్యప్రదేశ్ లో బైగాలకు ఇది ఇచ్చారు. దీనికి ఒకచోట పాతుకుపోయి ఉన్నామని చూపించక్కర్లేదు, ఎక్కడెక్కడ తిరిగామో చూపించాల. ఇక్కడే మన ముసలోళ్ళు చెప్పే ఆ అయిదారు పేర్లు పనికొస్తాయి. చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వది సాక్ష్యాల గురించి. పాత గుడిసెల ఆనవాళ్ళు, బావులు, శ్మశానాలు, పూజ చేసే చోట్లు, హక్కు అడిగేవాళ్ళు కాకుండా వేరే పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం, ఇవన్నీ సాక్ష్యమే. "మాటా మాటా వచ్చి వచ్చేసినాం" అని వదిలేసిన ప్రతి చోటా ఒక పొయ్యిరాయి, ఒక సమాధి, గారెల మైసమ్మకు పెట్టిన ఒక బండ ఉన్నాయి.

"ఊఁ" సంగతి కూడా ఈ చట్టంలోనే తేలాల. పులుల అభయారణ్యం లోపలి నుంచి గూడేన్ని బయటికి పంపాలంటే గ్రామసభ స్వేచ్ఛగా, అన్నీ తెలుసుకొని, రాతపూర్వకంగా ఒప్పుకోవాలని సెక్షన్ 4(2) చెప్తోంది. పులుల అథారిటీ ప్యాకేజీ 2008లో కుటుంబానికి 10 లక్షలు, 2021లో 15 లక్షలు చేశారు. పోవాలనుకునే కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళను తప్పు పట్టడానికి మనమెవరం? రోడ్డు లేక పురిటి నొప్పుల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్ళవి. ఉండాలనుకునేవాళ్ళు మాత్రం ఊఁ కొట్టి బయటికి పోతే చాలదు. గ్రామసభకు సగం మంది రావాల, వచ్చినోళ్ళలో మూడోవంతు ఆడోళ్ళు ఉండాల. లేచి నిలబడి "మాకు ఇష్టం లేదు" అని పుస్తకంలో రాయించాల. ఇది మన మర్యాదకు విరుద్ధంగానే ఉంటది. తండా వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఏదన్నా ఉందంటే ఇదే. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని నేర్చుకుందాం, సిగ్గేముంది.

2023 నవంబర్‌లో పీఎం జన్‌మన్ పథకం వచ్చింది, మన తెగలకు పక్కా ఇళ్ళు. ఇల్లు కావాలి, వానకు తడవకుండా పడుకోవాలి, అందులో రెండో మాట లేదు. ఒక్క సంగతి మాత్రం పెద్దోళ్ళతో మాట్లాడాల. సిమెంటు ఇల్లు కుండల్లాగా ఎత్తుకుపోలేం. ముఖ్యంగా ఆడపిల్లల సంగతి. కొట్టే మొగుణ్ణి వదిలి అన్నదమ్ముల గూడేనికి పోయే దారి మన అమ్మమ్మలకు ఉండేది. ఇప్పుడు ఇల్లు ఇక్కడ, పేరు ఇక్కడి జాబితాలో, పిల్లల బడి ఇక్కడ. ఆమె యాడికి పోతది? గూడెంలోనే కూర్చొని మాట్లాడుకునే చోటు ఒకటి లేకపోతే పెచ్చెరువులో జరిగిందే మళ్ళీ జరుగుద్ది. కొన్ని గూడేల్లో ఆడోళ్ళ పొదుపు గుంపులే ఈ పని చేస్తున్నాయి, నలుగురు కలిసి పోయి వాణ్ణి నిలదీస్తున్నారు. పెద్దమనిషికి లేని బలం వాళ్ళకు ఎట్టా వచ్చిందో మాకు ఇంకా పూర్తిగా అంతుపట్టలేదు, లోన్ సంతకం వల్లనేమో.

ఈ సెలవులకు ఇంటికి పోయేవాళ్ళు ఒక పని చెయ్యండి. నోటుపుస్తకం తీసుకోండి. మీ అవ్వను, తాతను కూర్చోబెట్టి వాళ్ళు వదిలి వచ్చిన చోట్ల పేర్లు వరసగా రాయండి. పక్కన వాగు పేరు, కొండ పేరు, అక్కడ ఎవరి సమాధులున్నాయి, ఏ దేవర ఉంది అనేది రాయండి. ఫోనులో గొంతు కూడా రికార్డు చెయ్యండి, అడిగి చెయ్యండి. ఏ సంవత్సరమో తెలియకపోతే ఏ కరువప్పుడు, ఏ ఎలక్షన్లప్పుడు, డ్యాం కట్టకముందా తర్వాతా అని అడగండి. "ఎందుకు వచ్చేశారు" అనే ప్రశ్న వదిలిపెట్టొద్దు. గొడవ సంగతి చెప్పడానికి వెనకాడతారు, ఊఁ కొట్టి మాట మారుస్తారు. బలవంతం చెయ్యొద్దు, రెండోరోజు మళ్ళీ అడగండి. ఎవరితో గొడవపడ్డారో ఆ మనిషి పేరు మాత్రం రాయొద్దు. వాళ్ళ మనవడు మీ పక్క మంచంలోనే పడుకొని చదువుకుంటూ ఉండొచ్చు.